ఆ తల్లికి ఏమని చెప్పాలి?

ప్రశ్న: నాకు 26 ఏళ్ళు. ప్రత్యేక విద్యలో డిప్లొమా చేశాను. ఎనిమిది నెలలుగా హైదరాబాదులో ఒక థెరపీ కేంద్రంలో మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకు స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను. జీతం 15 వేలు. రోజుకు తొమ్మిది మంది పిల్లలు, ఒక్కొక్కరికి 45 నిమిషాలు. వాళ్ళలో నాలుగున్నరేళ్ళ బాబు ఒకడు. ఫైలులో ఆటిజం అని రాసి ఉంది. మాటలు లేవు. నా దగ్గరికి రావడం మొదలై అయిదు నెలలైంది. మొన్న వాళ్ళమ్మ “జూన్‌లో బడిలో వేయాలి, అప్పటికి మామూలుగా అయిపోతాడు కదా టీచర్?” అని అడిగింది. ఎవరైనా అలా అడిగితే “ఆరు నెలల్లో అయిపోతాడు” అని చెప్పమని మా మేనేజరు ముందే చెప్పి ఉంచారు. అలాగే చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. అప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. అసలు నేను ఏమైనా నేర్పుతున్నానా అని కూడా అనుమానంగా ఉంది. ఈ అయిదు నెలల్లో బాబు నేర్చుకున్నది ఏడవకుండా కూర్చోవడం ఒక్కటే. మా బంధువులు “చదువుకుని ఆయా పని చేస్తోంది” అంటున్నారు. మా ఊరి దగ్గర పట్టణంలో ఒక ప్రైవేటు బడివాళ్ళు ఎల్‌కేజీ టీచరుగా రమ్మంటున్నారు, 18 వేలు ఇస్తారట. వెళ్ళిపోమంటారా?

తా.క. ఇది అంత ముఖ్యం కాదనుకుంటాను. ఒక రోజు సెలవు పెట్టి మర్నాడు వెళితే బాబు నా పక్కన కూర్చుని, నా చేతి గాజులు ఒక్కొక్కటిగా మోచేతి వైపు జరిపాడు. దీన్ని రికార్డులో ఏ గడిలో రాయాలో తెలియక వదిలేశాను.

సమాధానం:

ఉద్యోగం మారాలా వద్దా అన్న సంగతి చివర మాట్లాడుకుందాం. అది నెల తర్వాతైనా తేల్చుకోవచ్చు. ఆ తల్లితో మాట్లాడటం మాత్రం ఈ వారంలోనే జరగాలి.

ఆమె మీ చేతులు కళ్ళకద్దుకున్న రోజు నుంచే ఆ ఆరు నెలల లెక్క మొదలైంది. అత్తగారికి చెప్పి ఉంటుంది. పుట్టింటికి ఫోను చేసి ఉంటుంది. బడిలో సీటుకు అడ్వాన్సు కట్టి ఉండవచ్చు. మీ కేంద్రంలోనే ఇంకో రెండు సెషన్లు పెంచడానికి గొలుసు తాకట్టు పెట్టిందన్నా నేను ఆశ్చర్యపోను. జూన్ వస్తుంది. బాబు ఇంకా కొన్ని పనులు నేర్చుకునే ఉంటాడు కానీ ఆమె ఎదురుచూసిన ‘మామూలు పిల్లాడు’ రాడు. అప్పుడామె మిమ్మల్ని నిలదీస్తుందని అనుకుంటున్నారేమో. చాలామంది తల్లులు నిలదీయరు. “టీచరు చెప్పినట్టు ఇంట్లో నేనే సరిగ్గా చేయించలేదు” అనుకుంటారు. నా భయం అక్కడ.

ఇది నేను పైనుంచి చెబుతున్న నీతి అనుకోకండి. ఈ పనిలో చేరిన రెండో ఏడాది నేనూ ఇలాంటి మాటే అన్నాను. నన్నెవరూ అనమనలేదు కూడా. ఒక పాప తండ్రి రోజూ ఫ్యాక్టరీ షిఫ్టు ముగించుకుని, నిద్ర కళ్ళతో పాపను సైకిలు మీద తెచ్చేవాడు. ఆయన్ను చూసి జాలేసి “వచ్చే ఉగాదికి నాన్నా అని పిలుస్తుంది, చూడండి” అన్నాను. ఉగాది నాడు ఆయన పాపకు కొత్త పట్టుపరికిణీ కట్టి, మా అందరికీ బొబ్బట్లు పట్టుకుని వచ్చాడు. ఏమీ అడగలేదు. పాప వైపు చూశాడు, నా వైపు చూశాడు, డబ్బా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పాపను తీసుకురాలేదు. మళ్ళీ మూడేళ్ళకు నాకు కనిపించేటప్పటికి ఆ పిల్లకు ఏ బడీ లేదు, ఏ శిక్షణా లేదు. జాలితో చెప్పిన అబద్ధమైనా వ్యాపారం కోసం చెప్పిన అబద్ధమైనా పిల్ల మీద పడే దెబ్బ ఒకటే.

అయితే దిద్దుకునే తొందరలో రెండో అబద్ధం ఆడకండి. “వాడికి మాటలు రావమ్మా” అని కూడా మీరు అనలేరు. నాలుగున్నరేళ్ళ పిల్లాడికి మాట ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో లెక్కకట్టి చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు. అయిదు దాటాక, ఆరు దాటాక మాటలు మొదలైన పిల్లలను చూశాను. మాట రాకపోయినా బొమ్మల కార్డులతో, సైగలతో తన పనులు జరిపించుకునే పిల్లలను చూశాను. ఆటిజం జ్వరంలా వచ్చి ఫలానా తేదీకి తగ్గిపోయేది కాదు. పిల్లాడు ఎదుగుతాడు, దాంతోనే ఎదుగుతాడు. మన పని ఆ ఎదుగుదలకు దారి వేయడం.

కాబట్టి ఆమెతో ఇలా మొదలుపెట్టండి: “ఆ రోజు తొందరపడి చెప్పానమ్మా, నాదే పొరపాటు. ఆరు నెలలని చెప్పే లెక్క నా దగ్గర లేదు. బాబు ఇప్పుడు ఏమేం చేయగలుగుతున్నాడో, తర్వాత దేని మీద పనిచేయబోతున్నామో చూపిస్తాను, కూర్చోండి.” ఈ మాటలు చెప్పుల స్టాండు దగ్గర నిలబడి, మిగతా తల్లులు వింటుండగా చెప్పేవి కావు. పది నిమిషాలు విడిగా కూర్చోండి. తండ్రినీ రమ్మనండి. ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే ఆవిడనూ రమ్మనండి, ఎందుకంటే బాబును పగలంతా చూసేది బహుశా ఆవిడే. “వాళ్ళ మేనమామకు కూడా అయిదేళ్ళకే మాటలొచ్చాయి” అని ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. దాన్ని కొట్టిపారేయకండి, “వస్తే అందరికన్నా ముందు సంతోషించేది నేనే, వచ్చేవరకు ఊరుకోకుండా ఇది చేద్దాం” అనండి.

ఆమె ఏడవవచ్చు. కోపంతో నేరుగా మేనేజరు గదికి వెళ్ళవచ్చు. వెళ్ళనివ్వండి. మేనేజరు పిలిస్తే వాదన పెట్టుకోవద్దు. “గడువులు నేను చెప్పలేను సార్, ఎవరు అడిగినా రికార్డు చూపిస్తాను” అని ఒక్క మాట చాలు. మీరు మరచిపోకూడని విషయం ఒకటుంది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం ఈ పని చేసే ప్రతి ఒక్కరి పేరూ కేంద్ర రిజిస్టరులో ఉండాలి. మీ డిప్లొమా తర్వాత వచ్చిన ఆ రిజిస్ట్రేషను నంబరు మీ పేరు మీద ఉంది. కేంద్రం మారినా, మూతపడినా అది మీ వెంటే వస్తుంది. వృత్తిలో తప్పు నడవడిక ఉంటే రిజిస్టరులోంచి పేరు తీసేసే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది. ఆరు నెలల మాట చెప్పించింది మేనేజరే కావచ్చు, చెప్పిన నోరు మాత్రం మీది.

ఇక “నేను ఏమైనా నేర్పుతున్నానా” అన్నారు. “ఏడవకుండా కూర్చోవడం ఒక్కటే” అన్నారు. ఆ ‘ఒక్కటే’ చూసి నాకు కొంచెం కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. అయిదు నెలల క్రితం కొత్త గది, కొత్త మనిషి, ట్యూబులైటు చప్పుడు, పక్క గదిలో ఇంకో పిల్లాడి ఏడుపు, వీటన్నిటికీ చెవులు మూసుకుని తలుపు వైపు పరిగెత్తిన పిల్లాడు ఇప్పుడు 45 నిమిషాలు మీ ఎదురుగా కూర్చుంటున్నాడు. కూర్చోవడం వచ్చాకే చూడటం వస్తుంది. చూడటం వచ్చాక ఎదుటివాళ్ళు చేసినట్టు చేయడం, తన వంతు కోసం ఆగడం, కావలసింది అడగడం వస్తాయి. అ ఆలూ, ఏబీసీడీలూ, రైమ్సూ ఈ వరుసలో ఎక్కడో వెనక వస్తాయి. తల్లిదండ్రులు మొదట వాటినే అడుగుతారు, పక్కింటి పిల్లలు అవే అప్పజెబుతారు కాబట్టి. వాళ్ళను తప్పుపట్టలేం. మీరు మాత్రం ఆ కొలబద్దతో కొలుచుకోకండి.

నా దగ్గరి ఒక పిల్లాడి సంగతి చెబుతాను, కాస్త ఓపికగా చదవండి. వాడికీ నాలుగేళ్ళే. దాహమేస్తే వాళ్ళమ్మ మణికట్టు పట్టుకుని నీళ్ళ ఫిల్టరు దాకా లాక్కెళ్ళేవాడు. ఆమె ముఖంలోకి చూసేవాడు కాదు. ఆ చెయ్యి వాడికి ఒక గరిటెలాంటిది, ఫిల్టరు తిప్పే పనిముట్టు. మాకు కావలసింది వాడు ఆ చేతి వెనక మనిషి ఉందని గమనించడం. ఒక చిన్న స్టీలు గ్లాసు తీసుకున్నాం, వాడి పిడికిలికి సరిపోయేది. వాడు నా చెయ్యి పట్టుకోగానే ఖాళీ గ్లాసు వాడి చేతిలో పెట్టాను. వెనక మా ఆయా కూర్చుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా, వాడి చేతిని గ్లాసుతో సహా నా వైపు చాచింది. చాచగానే నీళ్ళు పోశాను. గ్లాసు నిండా పోయలేదు, రెండు గుక్కలే. నిండా పోస్తే దాహం తీరిపోతుంది, మళ్ళీ అడిగే అవసరం ఉండదు. రెండు గుక్కలైతే అయిదు నిమిషాల్లో ఇంకో పాఠం దొరుకుతుంది. ఆయా వెనక ఉండటానికీ కారణం ఉంది. నేనే చెయ్యి పట్టి చాపిస్తే వాడు మళ్ళీ నా చేతి కోసమే చూస్తాడు.

మొదటి వారమంతా నా పుస్తకంలో ‘పూర్తి సాయం, పూర్తి సాయం’ అనే ఉంది. తర్వాత ఆయా మణికట్టు వదిలి మోచేయి పట్టుకుంది. ఆ తర్వాత భుజం మీద వేలు ఆనించడమే. 12వ రోజు వేలు ఆనించకముందే గ్లాసు ముందుకు వచ్చింది. 19వ రోజు వాడు గది ఆ మూల నుంచి గ్లాసు పట్టుకుని నడిచి వచ్చి, నా ఒడిలో పెట్టి, తలెత్తి చూశాడు. ఆ చూపు ఒక్క క్షణమే, కానీ నా కళ్ళలోకే. బయటివాళ్ళు ఎవరైనా ఆ గదిలో ఉంటే ఒక పిల్లాడు నీళ్ళు తాగాడు, అంతే కదా అనుకునేవారు.

ఇంట్లో మాత్రం ఇంకో మూడు వారాలు ఏ మార్పూ లేదు. కారణం ఆరా తీస్తే నాయనమ్మ. మనవడు నోరు తెరవకముందే, గ్లాసు వైపు తిరగకముందే నీళ్ళు సిద్ధం. ప్రేమ! ఆవిడకు “అలా చేయకండి” అని చెప్పి ఉంటే బాధపడేది, దొంగతనంగా పోసేది కూడా. అందుకని ఆవిడకే పని అప్పగించాం. “మీరు ఆగితేనే వాడు అడుగుతాడమ్మా, ఇంట్లో ఆగగలిగేది మీరొక్కరే” అన్నాం. ఎంతసేపు ఆగాలి అని అడిగింది. గడియారం చూడటం ఆవిడకు చిరాకు. మనసులో అయిదుసార్లు గోవిందా అనుకుని అప్పటికీ వాడు గ్లాసు చాపకపోతే పోయండి అన్నాను. నాలుగో రోజు ఫోను చేసింది. “మూడో గోవిందకే చాపాడు టీచరమ్మా!” ఆ పిల్లాడికి నేను నేర్పిన దానికన్నా ఆవిడ ఆగడమే ఎక్కువ నేర్పింది.

గ్లాసు అలవాటైతే ఇక మాట్లాడడేమో అని వాళ్ళ నాన్న భయపడ్డాడు. మీ బాబు తల్లి కూడా బొమ్మల కార్డుల విషయంలో ఈ మాట అంటుంది. గ్లాసుతో అడిగినా, బొమ్మతో అడిగినా, సైగతో అడిగినా మాట ఆగిపోదు. అడిగితే దొరుకుతుందని తెలిసిన పిల్లాడికే ఇంకా బాగా అడగాలనిపిస్తుంది. స్పీచ్ థెరపిస్టుతో కలిసి కూర్చుని, ఇద్దరూ ఒకే కార్డులు వాడండి. ఒకే పిల్లాడికి ఒక గదిలో ఒక పద్ధతి, పక్క గదిలో ఇంకో పద్ధతి నడిచే కేంద్రాలను చాలా చూశాను.

రికార్డు గురించి. పిల్లాడు ఏమేం చేయగలడో గుర్తించడానికి మీ కేంద్రంలో బహుశా మద్రాసు పద్ధతి చెక్‌లిస్టో, సికింద్రాబాదులోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ తయారుచేసిన ఎఫ్ఏసీపీ అనే చెక్‌లిస్టో వాడుతూ ఉంటారు. మద్రాసు పద్ధతిలో 18 విభాగాలు, ఒక్కో దానిలో 20 చొప్పున 360 అంశాలు. అవి మంచివే, ఐఈపీ, అంటే ఒక్కో పిల్లాడికి విడిగా వేసే బోధన ప్రణాళిక, రాయడానికి తప్పనిసరి కూడా. కానీ మూడు నాలుగేళ్ళ పిల్లల విషయంలో ఒక అంశానికీ తర్వాతి అంశానికీ మధ్య నలభై మెట్లుంటాయి. ఆ మెట్లకు గడులు ఉండవు. అందుకే మీకు ఏమీ జరగనట్టు అనిపిస్తోంది. ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం కొనండి. తేదీ, ఏం చేశాడు, ఎంత సాయంతో చేశాడు, ఎన్నిసార్లు, ఇవి నాలుగే రాయండి. ‘మాట మెరుగుపడాలి’ అన్న లక్ష్యం ఎవరికీ పనికిరాదు. ‘దాహమేసినప్పుడు ఎవరూ చెయ్యి పట్టకుండా గ్లాసు తెచ్చి ఇస్తాడు, అయిదింట నాలుగుసార్లు’ అని రాస్తే అది జరిగిందో లేదో వాళ్ళ నాయనమ్మ కూడా చెప్పగలదు. ఆ తల్లికి మీరు చూపించబోయేది ఈ పుస్తకమే. ఆరు నెలల మాట తీసేసుకుంటున్నప్పుడు ఆమె చేతిలో వేరే ఏదో పెట్టాలి కదా.

రోజుకు తొమ్మిది సెషన్లంటే రాసుకోవడానికే కాదు, మంచినీళ్ళు తాగడానికీ మీకు వ్యవధి లేదని అర్థమైంది. పిల్లాడికీ పిల్లాడికీ మధ్య అయిదు నిమిషాలు అడగండి. ఇవ్వకపోతే సెషనులోనే చివరి మూడు నిమిషాలు తల్లిని లోపలికి పిలిచి, ఆమె చూస్తుండగా రాయండి. ఆమెకూ నేర్పినట్టవుతుంది.

‘ఆయా పని’ అన్న మాటకు వస్తాను. మామూలు పిల్లలు చూసి నేర్చుకునే చాలా పనులు మన పిల్లలకు ముక్కలు ముక్కలుగా నేర్పాలి. లాగు తడిసిందని చెప్పడం అందులో ఒకటి. మూడు రోజులు అరగంటకోసారి చూసి ఏ వేళకు తడుపుకుంటున్నాడో పట్టిక వేసి, ఆ వేళకు అయిదు నిమిషాల ముందు తీసుకెళ్ళి, లాగు కిందికి లాగే పనిలో చివరి భాగం వాడికే వదిలి, రోజురోజుకూ వాడి భాగం పెంచుకుంటూ పోవడం. ఇది చదువు కాకపోతే ఇంకేది చదువు? ఈ ఒక్కటి రాకపోవడం వల్లే బడివాళ్ళు వెనక్కి పంపిన పిల్లలు ఎందరో. పైగా మీ బంధువులు ఆ మాటతో ఆయాలను కూడా తీసిపారేస్తున్నారు. నేను పైన చెప్పిన మా ఆయా పదో తరగతి తప్పింది. పిల్లాడి ముఖం చూసి ఇంకో నిమిషంలో ఏడుస్తాడో, కొరుకుతాడో, బాత్రూముకు వెళ్ళాలో చెప్పేసేది. నా డిప్లొమాలో లేనిది సగం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మీ కేంద్రంలో ఆయాను ఒక వారం గమనించండి.

ఒంటి సంగతి కూడా, మీరు అడగకపోయినా. నేల మీద గంటలకొద్దీ కూర్చుంటున్నారు కాబట్టి వీపు గోడకు ఆనించి కూర్చోండి, పిల్లాడిని ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్ళ మీద లేవండి. జడ ముడి వేసుకోండి. చున్నీ వెనక్కి ముడి వేయండి, పిన్ను మాత్రం వద్దు, పిల్లల చేతికి దొరుకుతుంది. కొరికినప్పుడు చెయ్యి వెనక్కి లాగితే చర్మం చీరుకుపోతుంది, కొంచెం నోటి వైపే నెడితే వాడే వదులుతాడు. ఆ తర్వాత ఎందుకు కొరికాడో పుస్తకంలో రాయండి. ఊరికే కొరికే పిల్లాడు ఉండడు.

జూన్‌లో బడి అంటున్నారు కదా. ఆ తల్లికి ఈ విషయాలు మీరు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. వికలాంగుల హక్కుల చట్టం, 2016, ఉచిత విద్య హక్కును 6 నుంచి 18 ఏళ్ళ వయసుకు రాసింది. మన పిల్లలు అంతకన్నా చిన్నవాళ్ళు, అందుకే వాళ్ళు థెరపీ కేంద్రాల ఫీజుల పాలవుతున్నారు. జాతీయ విద్యావిధానం, 2020, చదువు మూడేళ్ళకే మొదలవుతుందని ఒప్పుకుంది కానీ కాగితం మీది మాట ప్రతి వీధికీ రాలేదు. ఉన్నవాటిని వాడుకోవాలి. వాళ్ళ వీధిలో అంగన్‌వాడీ ఉంటే రోజూ ఒక గంట అక్కడ కూర్చోబెట్టమనండి. ఇలాంటి పిల్లలను గుర్తించి, మిగతావాళ్ళతో కలిపి, అవసరమైన చోటికి పంపాలని 2023 నవంబరులో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ అంగన్‌వాడీలకు ప్రత్యేక విధివిధానాలు ఇచ్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో బాలల సత్వర చికిత్స కేంద్రాలున్నాయి, అక్కడ పరీక్షలకు డబ్బు తీసుకోరు. ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం, అందరూ సదరం సర్టిఫికెట్టు అని పిలిచేది, తీసుకున్నారా అడగండి. ‘ముద్ర పడుతుంది’ అని చాలామంది వాయిదా వేస్తారు. ఆటిజం ఉన్నవాళ్ళకు లక్ష రూపాయల వరకు వర్తించే నిరామయ ఆరోగ్య బీమాకైనా, ఇంకే సాయానికైనా మొదట అడిగేది ఆ కాగితమే.

నాలుగున్నరేళ్ళ పిల్లాడిని ఈ జూన్‌లోనే బడిలో వేయకపోతే మునిగిపోయేదేమీ లేదు. వేస్తామంటే వేయనివ్వండి, మామూలు పిల్లల మధ్య ఉండటానికి వాడు ముందు ‘మామూలు’ కానక్కర్లేదు. గుర్తింపు ఉన్న బడి వైకల్యం సాకుతో వెనక్కి పంపకూడదని అదే 2016 చట్టంలో 16వ సెక్షన్ చెబుతోంది. ఆ బడిలో రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి, బాబుకు ఏం ఇష్టమో, ఏ చప్పుడుకు భయమో ఒక పేజీ రాసి క్లాసు టీచరుకు ఇవ్వమనండి. ఆ పేజీ మీరే రాసివ్వండి.

ఇక ఉద్యోగం. 15 వేలలో హాస్టలుకు కట్టి, బస్సు చార్జీలు పోను ఏం మిగులుతుందో నాకు తెలుసు. ఇది సేవ కదా అని ఎవరైనా అంటే నమ్మకండి. సేవ పేరు చెప్పి జీతం తగ్గించేవాళ్ళు ఫీజులు తగ్గించరు. మీ ఉత్తరంలో నాకు కనిపించింది పిల్లల మీద విసుగు కాదు, అబద్ధం చెప్పిన బాధ. అబద్ధం ఆ గోడల మధ్య ఉంది, పనిలో లేదు. అందుకని, మేనేజరు మళ్ళీ గడువులు చెప్పమంటే ఆ కేంద్రం వదిలేయండి. ఈ పని వదలకముందు మాత్రం ఇంకో చోట చేసి చూడండి. జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లో, మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో ప్రకటనలు పడినప్పుడు దరఖాస్తు పెట్టండి. అవి ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగాలే, జీతాలు వేళకు రావడం లేదన్న మాటా వింటుంటాం, దాచను. కానీ ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక టీచరు ఉండాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ పోస్టులు మంజూరు చేయమని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్ళీ ఆదేశించింది. ఆ పోస్టులు వచ్చేనాటికి మీ రిజిస్ట్రేషను సజీవంగా ఉండాలి. ఈలోగా సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌కు ఒకసారి వెళ్ళి రండి. 1984లో పెట్టిన ఆ జాతీయ సంస్థ మీ హాస్టలుకు బస్సు దూరంలోనే ఉంది. చిన్న పిల్లల కోసమే ఉన్న కోర్సులు, కొద్ది రోజుల శిక్షణలు ఏమున్నాయో నోటీసు బోర్డు చూసి రండి. ఎనిమిది నెలలు ఒంటరిగా పనిచేశారు, మీలాంటి వాళ్ళు నలుగురు కనిపిస్తే సగం అలసట తీరుతుంది.

ఎల్‌కేజీకే వెళతానంటారా, వెళ్ళండి. తప్పేమీ లేదు, అమ్మానాన్నల దగ్గర ఉంటారు, మూడు వేలు ఎక్కువ. కానీ ఒకటి. ముప్ఫై మంది ఉన్న ఆ తరగతిలో కిటికీ పక్కన ఒక్కడే కూర్చుని పెన్సిలు తిప్పుకునే పిల్లాడు తప్పకుండా ఒకడుంటాడు. ‘మొండివాడు’ అని అందరూ అంటారు. వాడెవరో ఆ బడిలో మీ ఒక్కరికే తెలుస్తుంది.

ఇప్పుడు మీ తాజా కలం. ఉత్తరమంతటిలో ముఖ్యమైనది మీరు ముఖ్యం కాదన్నదే. ఒక రోజు మీరు కనబడలేదు. మర్నాడు వాడే వచ్చి, మీ పక్కనే కూర్చుని, మీ చెయ్యి అందుకున్నాడు. ఏ ఫిల్టరూ తిప్పించలేదు, ఏ డబ్బా మూతా తీయించలేదు. ఆ చెయ్యి వాడికి ఆ క్షణంలో పనిముట్టు కాదు. గడి లేదని వదిలేశారు, మీ కొత్త నోటుపుస్తకంలో మొదటి పేజీ మొదటి వరుస అదే రాయండి. ఏ తేదీ, ఏ చెయ్యి, ఎన్ని గాజులు, మధ్యలో ఒక్కసారైనా మీ ముఖం వైపు చూశాడా. గాజువైతే మార్చి లోహపువి వేసుకోండి, పగిలితే ఇద్దరికీ ప్రమాదం. రేపు మళ్ళీ పక్కన కూర్చుని చెయ్యి అందేలా పెట్టండి. రెండు గాజులు జరపనివ్వండి. మూడో దాని దగ్గర చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకుని ఆగండి. పేరు పెట్టి పిలవకండి, “ఇటు చూడు” అనకండి. మనసులో అయిదు లెక్కపెట్టండి.